ఫాంటసీ నవల చిత్తుప్రతి పూర్తయింది, ఎడిటింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

మీరు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. కాకతీయుల కాలాన్ని పోలిన ఒక ఊహా రాజ్యం. వానను పిలవగల అమ్మాయి మల్లమ్మ కథానాయిక. 38 అధ్యాయాలు, సుమారు 90 వేల మాటలు, అంతా గూగుల్ డాక్స్‌లో ఒకే ఫైల్. చదివిన ముగ్గురిలో ఇద్దరు "మధ్యలో సాగింది, పేర్లు గుర్తుండట్లేదు" అన్నారు. స్క్రివెనర్ అనే రచయితల సాఫ్ట్‌వేర్ కొనాలా, ఎడిటింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి, భాష ఎంత పాతగా ఉండాలి అని మీ ప్రశ్నలు.

నేను రెండు జానపద నవలలు రాశాను. మిత్రులవి ఇంకో పది పన్నెండు ఎడిట్ చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు పొడవు గురించి మీ టెన్షన్ తీసేస్తాను. ఇంగ్లిష్ వాళ్ల సలహాలు చదివి మీ నవల చిన్నదైందని అనుకుంటున్నట్టున్నారు. తెలుగులో విభక్తి, ప్రత్యయం అన్నీ మాటలోనే కలిసిపోతాయి. "ఇంట్లోంచి" అని మనం ఒక్క మాటలో చెప్పేదానికి ఇంగ్లిష్‌లో మూడు నాలుగు మాటలు పడతాయి. అందుకని ఆ లెక్కలు మనకు సరిపోవు. నవలలు ఎక్కువగా అచ్చయ్యే డెమ్మీ సైజు పేజీకి 220 నుంచి 250 మాటలు పడతాయనుకుంటే మీది 400 పేజీల దగ్గరకు వస్తుంది. అది పెద్ద నవలే. ఎడిటింగ్‌లో 60 పేజీలు పోయినా భయపడకండి.

సాఫ్ట్‌వేర్ సంగతి తొందరగా ముగిస్తాను, ఎందుకంటే మీ సమస్య అక్కడ లేదు. స్క్రివెనర్ మంచిదే. అధ్యాయాలను, సన్నివేశాలను విడివిడి ముక్కలుగా పెట్టుకుని అటూ ఇటూ జరపడానికి, ఒక సన్నివేశం పాత రూపాన్ని దాచుకోవడానికి బాగా పనికొస్తుంది. 30 రోజుల ట్రయల్ ఉంది. మీరు తెరిచిన రోజులనే లెక్కపెడుతుంది కాబట్టి నెలలో పది రోజులు తెరిస్తే మూడు నెలలు వస్తుంది. అది చూశాక కొనాలో లేదో తేల్చుకోండి. కొనకపోయినా నష్టం లేదు. గూగుల్ డాక్స్‌లోనే అధ్యాయానికో ఫైల్ చేసుకోండి. 90 వేల మాటలు ఒకే ఫైల్లో ఉంటే ఫోన్‌లో తెరిచినప్పుడల్లా నత్తనడక నడుస్తుంది. ముక్కలు చేసే ముందు వెర్షన్ హిస్టరీలోకి వెళ్లి ఇప్పుడున్నదానికి "మొదటి చిత్తు" అని పేరు పెట్టండి. రేపు ఏదైనా తీసేసి బాధపడితే అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు. ఇంటర్నెట్ లేకుండా పనిచేయాలంటే లిబ్రే ఆఫీస్ ఉచితం. అధ్యాయం పేర్లకు హెడింగ్ స్టైల్ పెడితే ఎఫ్5 నొక్కగానే అధ్యాయాల జాబితా పక్కన కనిపిస్తుంది. వారానికోసారి మొత్తం నవలను ఒక పెన్‌డ్రైవ్‌లోకి, మీ మెయిల్‌లోకి కాపీ చేసుకోండి.

ఇక అసలు విషయం. ఫాంటసీ ఎడిటింగ్‌లో సగం పని భాషకు సంబంధించింది కానే కాదు, లెక్కలకు సంబంధించింది. ఎగిరే మంచాన్ని పాఠకుడు ఏ అభ్యంతరమూ లేకుండా నమ్ముతాడు. మూడో అధ్యాయంలో నాలుగు రోజుల ప్రయాణమని చెప్పిన కోటకు ముప్పయ్యో అధ్యాయంలో కథానాయిక ఒక్క రాత్రిలో చేరితే మాత్రం నమ్మడు. అక్కడి నుంచి మీరు రాసిన మంత్రాన్ని కూడా అనుమానంగానే చదువుతాడు. అందుకే నేను ఎవరి నవల చేతికి తీసుకున్నా మొదట అడిగేది చిట్టా. అంటే నవల పక్కన విడిగా పెట్టుకునే ఒక నోట్‌బుక్. అందులో మనుషుల పేర్లు, వయసులు, ఒంటి మీది గుర్తులు, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు, ఊళ్ల మధ్య దూరాలు, పండగలు, తిథులు, మంత్రం ఏం చేయగలదు, ఏం చేయలేదు, చేసినందుకు ఎవరు ఏం పోగొట్టుకుంటారు. ప్రతి దాని పక్కనా అది ఏ అధ్యాయంలో మొదట వచ్చిందో అంకె. కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్‌గా పెట్టుకున్నా మంచిదే. నేను మాత్రం పొడుగు లెడ్జర్ పుస్తకంలో చేత్తో రాస్తాను. చేత్తో రాస్తే నా బుర్రలో నిలుస్తుంది.

మీకు చిట్టా లేదు, నవల మాత్రం ఉంది. కాబట్టి ఇప్పుడు నవల చదువుతూ చిట్టా తయారు చేయాలి. ఈ చదువులో ఒక్క వాక్యం కూడా దిద్దవద్దు. కష్టమే, చెయ్యి ఆగదు. కానీ ఇప్పుడే వాక్యాలు దిద్దితే రేపు ఆ అధ్యాయమే తీసేయాల్సి వచ్చినప్పుడు మనసు ఒప్పుకోదు. అంత నగిషీ చెక్కాక ఎవరు కొట్టేస్తారు?

దానికంటే ముందు ఒక చిన్న పని ఉంది. 38 అధ్యాయాలకు 38 లైన్లు. ఒక్కో లైన్‌లో ఆ అధ్యాయం మొదట్లో ఉన్న ఏ పరిస్థితి చివరికి మారిందో రాయండి. "మల్లమ్మ గుడికి వెళ్లింది, పూజారి చరిత్ర చెప్పాడు" అని రాస్తే అది లెక్కలోకి రాదు, అక్కడ ఏదీ మారలేదు. "పూజారి చెప్పింది విన్నాక మల్లమ్మ ఇంటికి తిరిగి వెళ్లకూడదని నిర్ణయించుకుంది" అంటే మారింది. మీ పాఠకులు "మధ్యలో సాగింది" అన్నారు కదా, నా ఊహ ఏమిటంటే పన్నెండు నుంచి ఇరవై దాకా ఏదీ మారని అధ్యాయాలు వరసగా మూడో నాలుగో దొరుకుతాయి. అవన్నీ రాజ్య చరిత్ర, వంశాల కథ, మంత్రం పుట్టుక చెప్పే అధ్యాయాలై ఉంటాయి. నేను ఎడిట్ చేసిన ప్రతి మొదటి ఫాంటసీ నవలలోనూ ఇదే చూశాను. రచయిత అంత కష్టపడి కట్టుకున్న లోకాన్ని చూపించకుండా ఉండలేడు. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది.

దీనికి మందు మన దగ్గరే ఉంది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో యతి కథ చెప్పాలంటే వెంట ఉన్న గోపకుమారుడు ముందు మజిలీ ఊళ్లో తిరిగి ఏదో ఒక వింత చూడాలి, చూసినదాని గురించి వచ్చి అడగాలి. వాడు అడిగాకే కథ మొదలు. అందుకని పాఠకుడికి కూడా వాడితోపాటు సందేహం పుట్టి ఉంటుంది. మీ నవలలో వానను పిలిచే విద్య ఎలా పుట్టిందో ఆరో అధ్యాయంలో పూజారి చెబుతాడు అనుకుందాం. అప్పటికి పాఠకుడు ఆ ప్రశ్న అడిగాడా? ముందు ఒక వింత చూపించండి. ఊళ్లో ఒక ఇంటి వాకిలి ముందు మాత్రం ఎన్నడూ తడవని నేల ఉందని, పిల్లలు కూడా అటు వెళ్లరని చూపించి వదిలేయండి. రెండు మూడు అధ్యాయాలు పాఠకుడు ఆ నేల గురించి ఆలోచిస్తాడు. తర్వాత పూజారి నోరు విప్పితే అదే చరిత్రను చెవులు రిక్కించి వింటాడు. నాలుగు పేజీలు పట్టిన వివరణ అప్పుడు ఒక పేజీలో సరిపోతుంది, మిగతాది పాఠకుడే ఊహించుకుని ఉంటాడు కాబట్టి.

ఇప్పుడు మంత్రం. మంత్రానికి వెల ఉండాలని అందరూ చెబుతారు. ఆ వెల కథానాయికకు అన్నిటికంటే ముఖ్యమైనదాన్నే తినేయాలి అని నేను కలుపుతాను. నా మొదటి నవలలో ఒక కుమ్మరి ఆమె మట్టిబొమ్మలకు ప్రాణం పోస్తుంది. పోసిన ప్రతిసారీ ఆమె వేళ్లకు స్పర్శ కొంత పోతుంది. కుమ్మరికి వేళ్లే కదా బతుకు. చిత్తుప్రతిలో తొమ్మిదో అధ్యాయంలో ఆమె బొటనవేలి స్పర్శ పోయింది. ఇరవై రెండో అధ్యాయంలో అదే బొటనవేలితో మట్టి తడి చూసి "ఇంకా ఆరలేదు" అంటుంది. నాకు తెలియలేదు. చదివిన ఒకమ్మాయి పట్టుకుంది. దాన్ని సరిచేయబోతే ఒక కొత్త సన్నివేశం వచ్చింది: ఆమె కూతురిని పిలిచి "ఈ మట్టి తడి ఎలా ఉందో చూసి చెప్పమ్మా" అని మొదటిసారి అడగడం. నవలలో చాలామంది గుర్తుపెట్టుకున్నది ఆ సన్నివేశమే. చిట్టాలో తప్పులు వెతకడం గుమాస్తా పని అనుకోకండి, కథలో మీకు తెలియని గదులు అక్కడే తెరుచుకుంటాయి.

మీ వాన విషయంలో నేను అడిగే మొదటి ప్రశ్న: ఆ వాన ఎక్కడిది? పక్క సీమలో పడాల్సిన వానేనా? అయితే అక్కడి రైతులు ఏమయ్యారు? రెండో ప్రశ్న: పడిన నీళ్లు ఎటు పోయాయి? మీ రాజ్యం కాకతీయుల సీమలాంటిది అన్నారు. అది గొలుసుకట్టు చెరువుల దేశం. పై చెరువు నిండి మత్తడి (అదనపు నీళ్లు పొర్లే కట్టడం) దూకితే ఆ నీళ్లు కింది చెరువులోకి పోతాయి, అది నిండితే దాని కిందిదానిలోకి. ఒక్కచోట అతిగా వాన కురిపిస్తే ఆ గొలుసులో ఎక్కడో ఒక బలహీనమైన కట్ట తెగుతుంది. కథానాయిక తన ఊరిని కాపాడుకుంది, ఐదు ఊళ్ల అవతల తనకు తెలియని మనుషులు మునిగారు. మీ నవలకు మధ్య భాగం ఇందులోనే ఉందని నాకనిపిస్తోంది. వీలైతే వానాకాలంలో ఒకసారి పాకాల చెరువు కట్ట మీదో, రామప్ప చెరువు కట్ట మీదో ఒక పూట కూర్చుని రండి. తూము దగ్గర నీటి చప్పుడు ఎలా ఉంటుందో, కట్ట లోపలి వైపు రాతి కట్టడం ఎలా ఉంటుందో, అక్కడి రైతులు ఏ మాటలు వాడతారో వినండి. అంతకంటే మంచి పరికరం నేను చెప్పలేను.

ప్రయాణాల లెక్కకు సులువైన మార్గం ఉంది. మీ ఊహా రాజ్యపు పటాన్ని నిజమైన నేల మీద పరిచేయండి. మీ రాజధాని ఓరుగల్లు అనుకోండి, శత్రువు కోట గోలకొండ అనుకోండి. మధ్య దూరం దాదాపు 150 కిలోమీటర్లు. బరువున్న ఎడ్లబండి రోజుకు 25 కిలోమీటర్లు లాగితే గొప్ప, అంటే ఆరు రోజులు. గుర్రాన్ని చంపకుండా నడిపిస్తే రోజుకు 50, అంటే మూడు రోజులు. సైన్యమైతే వంట బండ్లు, పశువుల మేత, ఏరు దాటడం అన్నీ కలిసి బండి కంటే నెమ్మది. ఇవి చిట్టాలో ఒకసారి రాసుకుంటే ప్రతి ప్రయాణానికీ మళ్లీ ఆలోచించక్కర్లేదు.

చంద్రుణ్ణి కూడా లెక్కలో పెట్టండి. రాత్రి సన్నివేశాల్లో చాలామంది ఇక్కడే దొరికిపోతారు. పున్నమి చంద్రుడు పొద్దు కుంకే వేళకు తూర్పున లేస్తాడు, తెల్లవార్లూ ఉంటాడు. శుద్ధ అష్టమి చంద్రుడు సాయంత్రానికే నడినెత్తిన ఉండి సుమారు అర్ధరాత్రికి అస్తమిస్తాడు. బహుళ అష్టమి చంద్రుడు అర్ధరాత్రికి గానీ లేవడు. మీ నాయిక పున్నమి నాడు ఇల్లు వదిలి, వారం తర్వాత రాత్రి మొదటి జాములో వెన్నెల్లో నది దాటిందంటే పల్లెలో పెరిగిన పాఠకుడు టక్కున ఆగుతాడు. ఒక పాత పంచాంగం దగ్గర పెట్టుకుని నవల మొదటి రోజుకు ఒక తిథి ఇవ్వండి, మిగతావి వాటంతటవే కుదురుకుంటాయి.

భాష ఎంత పాతగా ఉండాలి? నా అభిప్రాయం సూటిగా చెబుతాను: కథనం మామూలు వ్యావహారికంలోనే ఉండాలి. "ఓరీ దురాత్మా" తరహా మాటలు పేజీకి పది ఉంటే పాఠకుడికి నాటకం గుర్తొస్తుంది, మనిషి కనపడడు. గ్రాంథికాన్ని శాసనాలకు, మంత్రాలకు, రాజసభలో చదివే లేఖలకు దాచుకోండి. అప్పుడు అది వచ్చిన చోట బరువు ఉంటుంది. కథనంలో ఇంగ్లిష్ మాటలు ఉండకూడదు, ఇందులో రాజీ లేదు. "సెకను"ను తీసేసి "రెప్పపాటు" పెట్టండి. "ఐదు నిమిషాల్లో" అనే చోట "తాంబూలం వేసుకునేంత సేపట్లో" అనొచ్చు. గడియ అంటే 24 నిమిషాలు, జాము అంటే మూడు గంటలు, ఈ రెండూ చాలు, పాఠకుడు అలవాటు పడతాడు.

పారసీ, అరబీ, పోర్చుగీసు నుంచి వచ్చిన మాటల సంగతి కొంచెం ఆలోచించాలి. దర్బారు, ఖజానా, కుర్చీ, కాగితం, సిపాయి, బొత్తాం ఇవన్నీ మనవే అయిపోయాయి, కానీ చదవగానే తర్వాతి కాలపు బొమ్మ కళ్ల ముందుకొస్తుంది. కొలువు, బొక్కసం, పీట, తాటాకు, బంటు అంటే మీ లోకం నిలబడుతుంది. "తయారు" లాంటి మాటను మాత్రం నేను కదిలించను. అది ఏ బొమ్మనూ తేదు, తీసేస్తే వాక్యం బిగుసుకుపోతుంది. మాట పుట్టుక కంటే అది కళ్ల ముందు ఏం పెడుతుందో చూడండి.

వస్తువుల్లో ఇంకా జాగ్రత్త. మీ రెండో అధ్యాయంలో మిరపకాయ బజ్జీ ఉందన్నారు. కాకతీయుల రాజ్యం 1323లో ముగిసింది. వాస్కో డ గామా వచ్చింది 1498లో. మిరప, టమాటా, బంగాళదుంప, వేరుశనగ, మొక్కజొన్న, పొగాకు, జామ, బొప్పాయి అన్నీ అమెరికా ఖండాల నుంచి ఆ తర్వాత వచ్చినవే. గుమ్మానికి కట్టే బంతిపూలు కూడా అంతే. మీది ఊహా రాజ్యం కాబట్టి ఉంచుకోవచ్చు, ఎవరూ కేసు పెట్టరు. అయినా మిరియాల కారం, పిప్పళ్లు, ఉలవచారు, జొన్న సంకటి, నువ్వులనూనె వాసన పెడితే ఆ వంటింట్లో పాఠకుడు ఎన్నడూ తినని భోజనం తింటాడు. వేరే లోకంలోకి వచ్చామన్న అనుభూతి మంత్రం కంటే ముందు ఆ పళ్లెంలోనే కలుగుతుంది. అలాగే తాటాకు మీద రాసే సన్నివేశాలు. గంటాన్ని సిరాలో ముంచి రాసినట్టు చాలా చిత్తుప్రతుల్లో చూశాను. గంటం ఆకును గీరుతుంది. గీరాక మసి పూసి తుడిస్తే అక్షరాలు నల్లగా తేలతాయి. రహస్య లేఖ కథలో ఇది ఎంత పనికొస్తుందో చూడండి: మసి పూయని ఆకు దూరానికి ఖాళీగా కనిపిస్తుంది.

తెలుగులో ఫాంటసీ రాసేవాళ్లకు మాత్రమే ఎదురయ్యే ఒక చిక్కు ఉంది. దీని గురించి ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇది ఏ ఇంగ్లిష్ పుస్తకమూ చెప్పదు. మనకు స్త్రీకీ, జంతువుకీ, వస్తువుకీ క్రియ ఒకటే. ఈ మూడు వాక్యాలు చూడండి: "పులి మీదికి దూకింది. కత్తి దూసింది. ఒక్క వేటుకు కూలింది." ఎవరు దూకారు, ఎవరు కూలారు? కథానాయకుడైతే "దూశాడు" అనగానే తెలిసిపోతుంది. మీ కథానాయిక అమ్మాయి. ఆమె ఎదుర్కొనేది ఆడ నాగు, యక్షిణి, నది, తుఫాను. అన్నీ "-ంది"తోనే ముగుస్తాయి. పోరాట సన్నివేశాలన్నీ విడిగా తీసి ఈ ఒక్క దోషం కోసమే చదవండి. ప్రతి మూడు వాక్యాలకు ఒకసారి పేరు పడాలి. లేదా ఒక పక్షానికి శరీర భాగాలతో వాక్యం నడపండి: "నాగు పడగ వెనక్కి వంగింది. మల్లమ్మ చెయ్యి నీటిలోకి దిగింది." అప్పుడు గందరగోళం ఉండదు, వేగం కూడా తగ్గదు.

దీనికి జంటగా వాడు, అతను, ఆయన. కథకుడు ఒక పాత్రను ఏమంటాడో చిట్టాలో రాయండి. కుమ్మరి కుర్రాడు మొదట్లో "వాడు", చివరికి సేనాని అయ్యాక "అతను". ఏ పేజీలో మారాడు? చాలామంది చిత్తుప్రతుల్లో ఇది యాదృచ్ఛికంగా ఒక పేరా మధ్యలో మారిపోతుంది. దాన్ని మీరే ఎంచుకోండి. వాడు మొదటిసారి ఇంకొకరి కోసం దెబ్బ తిన్న వాక్యం తర్వాతి వాక్యంలో "అతను" అని రాయండి. పాఠకుడికి ఎందుకో తెలియదు, కానీ మనిషి ఎదిగినట్టు అనిపిస్తుంది. నువ్వు, మీరు, తమరు కూడా ఇంతే. ఎవరు ఎవరిని ఏమంటారో ఒక పట్టిక గీయండి. రాజును ఇరవై అధ్యాయాలు "తమరు" అన్న మంత్రి, విషం బయటపడిన రోజు "నువ్వు" అంటే అరవక్కర్లేదు, కత్తి తీయక్కర్లేదు. కానీ అంతకుముందు పదకొండో అధ్యాయంలో పొరపాటున ఒకసారి "మీరు" అని ఉంటే ఆ దెబ్బ సగం పోతుంది.

యాస గురించి ఒక విన్నపం. దుర్మార్గుడికో, బంటుకో ఒక ప్రాంతపు యాస ఇచ్చి మిగతావాళ్లకు పుస్తక భాష ఇవ్వకండి. ఆ ప్రాంతపు పాఠకులను అది నొప్పిస్తుంది, ఆ నొప్పి న్యాయమైనది. మనుషుల మాటలు వేరుగా వినిపించాలంటే వాళ్ల పనుల్లోంచి మాటలు ఇవ్వండి. కమ్మరి కోపం వస్తే కొలిమి, తిత్తి, సమ్మెట, పట్టుకారు భాషలో తిడతాడు. బెస్తవాడు గాలివాటంలో లోకాన్ని చూస్తాడు.

పేర్లు గుర్తుండట్లేదన్నారు కదా. పాత్రల పేర్లన్నీ మొదటి అక్షరం వరసలో రాయండి. రుద్రదేవుడు, రుద్రమ్మ, రేచన, రావిరాజు అని ఒకే అక్షరం కింద నలుగురుంటే ఇద్దరికి మార్చండి. ఒక్క అధ్యాయంలో వచ్చే పాత్రకు పేరే వద్దు, "కల్లు తెచ్చే ముసలాయన" చాలు. పేర్లు మార్చేటప్పుడు "అన్నీ మార్చు" బటన్ నొక్కకండి. "సోమ"ను "భీమ" చేస్తే "సోమవారం" కాస్తా "భీమవారం" అవుతుంది. "రుద్రుడు" అని వెతికితే "రుద్రుణ్ణి", "రుద్రుడి", "రుద్రునికి" ఏవీ దొరకవు. "రుద్ర" అని మొదలు మాత్రమే వెతికి ఒక్కొక్కటే చూసి మార్చండి. ఇంకో కనిపించని చిక్కు: పొల్లు తర్వాత అక్షరాలు కలవకుండా పెట్టే కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. "అర్కన్‌కోట" అనే పేరును ఒకచోట ఆ గుర్తుతో, ఇంకోచోట గుర్తు లేకుండా టైప్ చేస్తే కంప్యూటర్‌కు అవి రెండు వేరే మాటలు. పేరు రెండు రకాలుగానూ వెతకండి.

స్పెల్‌చెక్ మీద ఆశ పెట్టుకోవద్దు. మన మాటలు సంధులతో కలిసిపోవడం వల్ల సరైన మాటల కింద కూడా ఎర్ర గీతలు వస్తాయి, కొన్నాళ్లకు కళ్లు వాటిని చూడటం మానేస్తాయి. బదులుగా ఒక కాగితం మీద మీ వాడుక నిర్ణయించుకోండి: వాళ్లా వాళ్ళా, చేశాడా చేసాడా, ఏమిటా ఏంటా. కథనంలో ఒకటి, సంభాషణలో ఇంకొకటి అయినా ఫర్వాలేదు, కానీ తెలిసి చేయాలి. ఏఐ చాట్ టూల్స్ గురించి కూడా అడిగారు. ఒక అధ్యాయం ఇచ్చి పేర్ల జాబితా తీయించుకోవడానికి వాడొచ్చు, వచ్చినదాన్ని మళ్లీ సరిచూసుకోవాలి. వాక్యాలు దిద్దించవద్దు. మీ కమ్మరి, మీ పూజారి, మీ కథకుడు అందరూ ఒకే గొంతుతో మాట్లాడటం మొదలుపెడతారు.

వాక్యాలు దిద్దే దశకు మూడు నాలుగు నెలల్లో వస్తారు. అప్పుడు ఫాంట్ మార్చండి. మండలి అనే ఫాంట్‌లో రాసి ఉంటే రామభద్రలోకో, నోటో సెరిఫ్‌లోకో మార్చి పెద్ద అక్షరాలతో ప్రింట్ తీయండి. వేరేవాళ్ల పుస్తకంలా కనిపిస్తుంది, తప్పులు బయటపడతాయి. తర్వాత బిగ్గరగా చదవండి. ఊపిరి అందని చోట వాక్యం విరగాలి, నాలుక తడబడిన చోట మాట మారాలి. గొంతు నొప్పి పుడితే ఫోన్‌లోని తెలుగు వాయిస్‌తో చదివించుకుని ప్రింట్ చూస్తూ వినండి. దానికి భావం తెలియదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చదువుతుంది. మనం చదివేటప్పుడు కళ్లు నింపేసే లోపాలు అక్కడ వినిపిస్తాయి.

కొత్త పాఠకులను ఐదుగురిని ఎంచుకోండి, అందులో ఒకరు ఫాంటసీ అసలు చదవనివారై ఉండాలి. "ఎలా ఉంది" అని అడిగితే "బాగుంది" అంటారు, మనవాళ్లకు మొహమాటం ఎక్కువ. ఎక్కడ పుస్తకం పక్కన పెట్టి వేరే పని చూసుకున్నారో పేజీ అంచున పెన్సిల్‌తో గీత పెట్టమనండి. ముగ్గురి గీతలు ఒకే పేజీ దగ్గర పడితే అక్కడ ఏదో ఉంది. వాళ్లు చెప్పే పరిష్కారం వినక్కర్లేదు, నొప్పి ఎక్కడో చూపిన చోటు మాత్రం నమ్మండి.

అచ్చు వేయించే ముందు ఒక హెచ్చరిక. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను అనే పాత, యూనికోడ్ కాని ఫాంట్లే వాడతారు. మీ యూనికోడ్ ఫైల్‌ను అందులోకి మార్చేటప్పుడు అరుదైన ఒత్తులు చెడతాయి. నా రెండో నవలలో ఒక పాత్ర పేరులోని ఒత్తు ఒకటి మాయమైంది, పుస్తకం చేతికొచ్చాక గానీ చూడలేదు. ఆ పేరు 200 చోట్ల ఉంది. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తోనే పేజీలు కట్టగలవాళ్లు దొరికితే వాళ్లకే ఇవ్వండి. దొరకకపోతే, ఫాంట్ మార్చిన తర్వాత వచ్చిన ప్రూఫ్‌ను మొదటి పేజీ నుంచి చివరి దాకా మీరే చదవండి. ఫాంటసీలో కొత్త పేర్లు, కొత్త ఊళ్లు ఎక్కువ కాబట్టి ఏది తప్పో ఏది ఒప్పో ఆపరేటర్‌కు తెలిసే అవకాశం లేదు. చిట్టాలోని పేర్ల పేజీని జిరాక్స్ తీసి అతనికి ఇవ్వండి.

ప్రస్తుతానికి ఇవేవీ వద్దు. ఫైల్ తెరవకుండా ఒక నోట్‌బుక్ తీసుకుని ఆ 38 లైన్లు రాయండి. గుర్తున్నంతవరకే రాయండి, గుర్తురాని అధ్యాయానికి ఖాళీ వదిలేయండి. ఎన్ని ఖాళీలు మిగిలాయో, అవి ఏ నంబర్లో చెప్పండి. అక్కడి నుంచి కలిసి చూద్దాం.